ఉల్కాశిలలోని ఫాస్ఫేట్ కణం ఏ ఖనిజమో తేల్చడం ఎలా?

ఉల్కాశిల ముక్కను కోసి, మెరుగుపెట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తున్నప్పుడు ఒక కణం మీద కాల్షియం, భాస్వరం పీకులు (ఆ మూలకాలు ఉన్నాయని తెలిపే ఎక్స్-రే శిఖరాలు) రెండూ బలంగా లేచాయనుకోండి. భూమి రాళ్లకు అలవాటుపడ్డ చేయి వెంటనే అపటైట్ (భూమి రాళ్లలో మామూలుగా కనిపించే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం) అని రాసేస్తుంది. భూమి రాళ్ల విషయంలో ఆ ఊహ చాలావరకు నిలుస్తుంది కూడా. ఉల్కాశిలల్లో మాత్రం ఆ కణం మెరిలైట్ అయ్యే అవకాశమే ఎక్కువ. అది కాకపోతే క్లోరపటైట్ కావచ్చు, అదృష్టం బాగుంటే స్టాన్‌ఫీల్డైట్ వంటి నిజంగా అరుదైన ఖనిజం కావచ్చు. వీటిని ఉత్త కంటితో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. సరైన వరుసలో నాలుగైదు పరీక్షలు చేసి, ఒక్కో పరీక్ష తర్వాత కొన్ని పేర్లను కొట్టివేసుకుంటూ వెళితే, చివరికి ఒకటో రెండో పేర్లు మాత్రమే మిగులుతాయి. ఆ వరుసనే ఇక్కడ వివరిస్తున్నాను. వరుస గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది: ముందు చేయవలసిన పనిని వెనక్కి నెడితే కొన్నిసార్లు కణమే మిగలదు, కణం మిగిలినా దానిలోని సోడియం మిగలదు.

ముందుగా రాయి జాతిని తెలుసుకోండి

కణాన్ని వెతకడానికి ముందే మీ చేతిలోని ఉల్కాశిల ఏ తరగతికి చెందుతుందో తెలుసుకోండి, ఎందుకంటే అనుమానించవలసిన ఖనిజాల జాబితా తరగతిని బట్టి మారిపోతుంది. సాధారణ కాండ్రైట్లలో, అంటే ఎన్నడూ పూర్తిగా కరగని రాతి ఉల్కాశిలల్లో, దాదాపుగా రెండే పేర్లు ఎదురవుతాయి: మెరిలైట్, క్లోరపటైట్. లోహమూ ఆలివిన్ స్ఫటికాలూ కలగలిసిన పల్లాసైట్లలో మెరిలైట్‌తో పాటు స్టాన్‌ఫీల్డైట్, ఫారింగ్టనైట్ కూడా ఉండవచ్చు. ఇనుప ఉల్కాశిలల్లోని ఫాస్ఫేట్ల ప్రపంచం వేరు. అక్కడ సోడియం, ఇనుము, మాంగనీస్ పాలు ఎక్కువగా ఉన్న ఖనిజాలు కనిపిస్తాయి. డేటన్ అనే ఇనుప ఉల్కాశిలలో 1967లో బ్రయనైట్, పానెథైట్ అనే రెండు సోడియం ఫాస్ఫేట్లను ఒకేసారి గుర్తించారు. కేప్ యార్క్ ఇనుప ఉల్కాశిలలో దొరికిన బుక్వాల్డైట్‌లో సోడియం, కాల్షియం, ఫాస్ఫేట్ సమాన పాళ్లలో ఉంటాయి. అంగారకుడి నుంచి వచ్చిన రాళ్లలో మెరిలైట్, దాని ఇనుప రూపమైన ఫెర్రోమెరిలైట్, అపటైట్ ఉంటాయి.

ఎక్కడ వెతకాలన్నది కూడా ఈ దశలోనే తేలిపోతుంది. ఉల్కాశిలల మాతృగ్రహశకలంలో భాస్వరం మొదట చాలావరకు లోహంలో కరిగి ఉండేది. రాయి వేడెక్కి, ఆక్సీకరణ జరిగే కొద్దీ ఆ భాస్వరం లోహాన్ని విడిచి బయటికి వచ్చి, ఆక్సిజన్‌తోనూ చుట్టుపక్కల సిలికేట్ల నుంచి వచ్చిన కాల్షియంతోనూ కలిసి ఫాస్ఫేట్‌గా స్థిరపడింది. అందువల్ల కాండ్రైట్లలో బాగా వేడి చూసిన 4, 5, 6 రకాలలో ఫాస్ఫేట్లు పెద్దవిగా, స్పష్టంగా ఉంటాయి. అవి తరచుగా లోహపు కణాల అంచులను అంటిపెట్టుకుని కనిపిస్తాయి. పల్లాసైట్లలో అయితే ఆలివిన్‌కూ లోహానికీ మధ్యనున్న సందులను తప్పకుండా చూడండి.

పాత పత్రాలను చదివేవారికి ఒక హెచ్చరిక. స్మిత్సోనియన్ సంస్థకు చెందిన జార్జ్ మెరిల్ 1915లో ఉల్కాశిలల్లోని కాల్షియం ఫాస్ఫేట్‌ను వర్ణించగా, 1917లో ఎడ్గర్ వెరీ దానికి మెరిలైట్ అని పేరు పెట్టాడు. 1941లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పాలెర్మో గని నుంచి విట్‌లాకైట్ అనే ఖనిజాన్ని వర్ణించారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఆ రెండూ ఒకటేనని భావించారు. కాబట్టి ఆ కాలపు ఉల్కాశిలల వర్ణనలో విట్‌లాకైట్ అని కనిపిస్తే, అక్కడ ఉన్నది చాలావరకు మెరిలైటేనని అర్థం చేసుకోవాలి. ఈ రెండింటి తేడా హైడ్రోజన్‌లో ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

కోయడం, మెరుగుపెట్టడం

ఫాస్ఫేట్లు పలుచని ఆమ్లాలలో కరుగుతాయి. ఇనుప ఉల్కాశిలలోని విడ్మన్‌స్టాటెన్ గీతలను (లోహపు స్ఫటికాల అల్లికను) బయటపెట్టడానికి ఆల్కహాల్‌లో నత్రికామ్లం కలిపి ఉపరితలాన్ని తినిపించడం అందరికీ అలవాటైన పని. ఆ పని ముందు చేస్తే మీరు వెతుకుతున్న కణం ఉన్నచోట గుంట మాత్రమే మిగలవచ్చు. ఫాస్ఫేట్ పరీక్షలన్నీ ముగిసిన తర్వాతే ఆమ్లం జోలికి వెళ్లండి. మెరుగుపెట్టేటప్పుడు నీటికి బదులు ఇథనాల్‌ను గాని, నీరు లేని నూనెను గాని వాడితే, నీటికి కరిగే ఇతర ఖనిజాలు కూడా దక్కుతాయి, లోహం తుప్పు పట్టదు. థిన్ సెక్షన్ (కాంతి దూరేంత పలుచని రాతి పొర) మందం 30 మైక్రోమీటర్లు ఉండేలా, పైన గాజు పలక అతికించకుండా, ఉపరితలాన్ని అద్దంలా మెరుగుపెట్టి తయారు చేయించుకోండి. అదే సెక్షన్ మామూలు మైక్రోస్కోప్‌కూ, ఎలక్ట్రాన్ ప్రోబ్‌కూ (ఎలక్ట్రాన్ పుంజంతో మూలకాల పాళ్లను కొలిచే పరికరం), రామన్ పరికరానికీ (లేసర్ వెలుగు చెదిరే తీరును బట్టి ఖనిజాన్ని గుర్తించేది) పనికివస్తుంది.

పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద

ఈ దశలో ఖనిజం పేరు తేలదు, కానీ అనుమానితుల సంఖ్య సగానికి తగ్గుతుంది. మెరిలైట్ రంగు లేకుండా, పగుళ్లు తక్కువగా, అంచులు అస్తవ్యస్తంగా కనిపిస్తుంది. దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందన్న కొలత) సుమారు 1.62 కాబట్టి సెక్షన్‌ను గాజుకు అతికించిన జిగురు కంటే కొంత ఉబ్బెత్తుగా, పక్కనున్న ఆలివిన్ కంటే అణిగి ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు పోలరైజర్లనూ అడ్డంగా పెట్టినప్పుడు అసలు సూచన దొరుకుతుంది: మెరిలైట్ ద్వివక్రీభవనం (కాంతి రెండుగా చీలినప్పుడు ఆ రెండింటి వక్రీభవన గుణకాల మధ్య తేడా) 0.003 మాత్రమే కావడంవల్ల 30 మైక్రోమీటర్ల మందంలో అది ముదురు బూడిద రంగును దాటి పైకి రాదు. చుట్టూ ఆలివిన్ కణాలు నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగులతో మెరుస్తుంటే, వాటి మధ్య దిగాలుగా బూడిద రంగులో కూర్చున్న కణాన్ని గుర్తుపెట్టుకోండి. ప్లాజియోక్లేజ్ కూడా బూడిదగానే ఉంటుంది గాని, దాని వక్రీభవన గుణకం జిగురుకు దగ్గరగా ఉండటంవల్ల చదునుగా కనిపిస్తుంది. ఆ ఒక్క తేడాను పట్టుకుంటే చాలు.

క్లోరపటైట్ ద్వివక్రీభవనం కూడా ఇంచుమించు ఇలాగే తక్కువ. మెరిలైట్, క్లోరపటైట్ రెండూ ఒకే దృక్‌అక్షం కలిగి, రుణ గుర్తు చూపే ఖనిజాలు కనుక దృక్‌పరీక్షతో వీటిని విడదీయాలని గంటలు వెచ్చించకండి.

అరుదైన వాటిని పట్టుకోవడానికి మాత్రం ఈ దశ బాగా ఉపకరిస్తుంది. స్టాన్‌ఫీల్డైట్ ద్వివక్రీభవనం సుమారు 0.012, అదే మందంలో అది తెలుపు, లేత పసుపు వరకు వస్తుంది, విడి కణంగా చూస్తే ఎర్రటి ఛాయ నుంచి తేనె రంగు వరకు ఉంటుంది. ఫారింగ్టనైట్ ద్వివక్రీభవనం సుమారు 0.019 కావడంవల్ల దాని రంగు మొదటి వరుస చివరనున్న నారింజ, ఎరుపుల దాకా పోతుంది. అయితే దాని వక్రీభవన గుణకం 1.54 నుంచి 1.56 వరకే ఉంటుంది. దీనర్థం ఏమిటంటే, ఒకే పోలరైజర్‌తో చూసినప్పుడు ఫారింగ్టనైట్ జిగురులో కలిసిపోయి కణం ఊడిపోయిన ఖాళీలా కనిపిస్తుంది, రెండో పోలరైజర్‌ను తోయగానే ఆ ఖాళీలో రంగు పుడుతుంది. పల్లాసైట్ సెక్షన్‌లో ఖాళీ అనుకున్న ప్రతి చోటునూ ఒకసారి ఇలా పరీక్షించండి. కోనోస్కోప్ (దృక్‌అక్షాలను చూపే మైక్రోస్కోప్ అమరిక) వాడటం తెలిసినవారు స్టాన్‌ఫీల్డైట్, ఫారింగ్టనైట్ రెండింటికీ రెండేసి దృక్‌అక్షాలు ఉండటాన్ని కూడా చూడవచ్చు.

పూత సంగతి

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టడానికి ముందు సెక్షన్ మీద విద్యుత్‌ను ప్రవహింపజేసే పలుచని పూత వేయాలి. ఆ పూత కార్బన్‌దే కావాలి. భాస్వరం ఎక్స్-రే పీకు 2.01 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. ప్లాటినం పీకు 2.05 దగ్గర, బంగారం పీకు 2.12 దగ్గర వస్తాయి. మామూలు శక్తి విశ్లేషణ డిటెక్టర్‌కు ఈ మూడింటినీ విడదీసి చూసేంత చూపు ఉండదు. ఒకసారి నా చేతికి వచ్చిన సెక్షన్ మీద అంతకుముందు వాడినవారు బంగారు పూత వేశారన్న సంగతి గమనించక, ముట్టుకున్న ప్రతి కణంలోనూ భాస్వరం కనిపిస్తోందని ఒక మధ్యాహ్నమంతా సంబరపడ్డాను. ఆలివిన్‌లోనూ, పైరాక్సీన్‌లోనూ, చివరికి జిగురులోనూ భాస్వరం తేలాక గాని తెలివి రాలేదు. మీ సెక్షన్ మరొకరి దగ్గర నుంచి వచ్చి ఉంటే, పూతను మెల్లగా మెరుగుపెట్టి తొలగించి, కొత్తగా కార్బన్ పూత వేయించండి. జిర్కోనియం పీకు కూడా 2.04 దగ్గరే ఉంటుంది కనుక, మిల మిల మెరుస్తూ చాలా చిన్నగా ఉన్న కణంలో కాల్షియం లేకుండా ‘భాస్వరం’ మాత్రమే కనిపిస్తే జిర్కాన్‌ను గాని బాడెలీయైట్‌ను గాని అనుమానించండి.

మూలకాల పటం గీయించండి

కణాలను ఒక్కొక్కటిగా వెతికేకంటే, 15 కిలోవోల్టుల దగ్గర సెక్షన్ మొత్తానికి భాస్వరం, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరిన్, సిలికాన్, ఇనుము, నికెల్, ఆక్సిజన్ పటాలు తీయించడం మేలు. ముందుగా భాస్వరం పటాన్ని తెరవండి. వెలుగుతున్న ప్రతి చుక్కనూ మిగతా పటాలతో పోల్చుకుంటూ వెళ్లండి. భాస్వరం, కాల్షియం రెండూ ఉండి క్లోరిన్ కూడా ఉంటే క్లోరపటైట్ వైపు మొగ్గు చూపవచ్చు; క్లోరిన్ లేకుండా కొద్దిగా మెగ్నీషియం, సోడియం ఉంటే మెరిలైట్ వైపు మొగ్గు చూపవచ్చు. కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా దండిగా ఉంటే అది స్టాన్‌ఫీల్డైట్ కావచ్చు. భాస్వరం, మెగ్నీషియం మాత్రమే ఉండి, కాల్షియం, సిలికాన్ రెండూ చీకటిగా ఉంటే అది ఫారింగ్టనైట్ కావచ్చు. అలాంటి చుక్క కనిపిస్తే మిగతా పనులన్నీ ఆపి దాని చుట్టూ తిరగండి.

భాస్వరం, ఇనుము, నికెల్ ఉండి ఆక్సిజన్ లేకపోతే అది ఫాస్ఫేట్ కాదు, ష్రైబర్సైట్ అనే ఫాస్ఫైడ్. ఇనుప ఉల్కాశిలల్లోనూ పల్లాసైట్లలోనూ ఇది విరివిగా ఉంటుంది. పరావర్తిత కాంతిలో ష్రైబర్సైట్ లోహంలాగే మెరుస్తుంది, ఫాస్ఫేట్ మాత్రం నల్లగా, గాజులాగా కనిపిస్తుంది. కాబట్టి మామూలు మైక్రోస్కోప్‌లో చూసి వచ్చినవారు ఇక్కడ తడబడరు. అలాగే కొన్ని పల్లాసైట్లలో ఆలివిన్‌లోనే 4 నుంచి 5 శాతం వరకు భాస్వర ఆక్సైడ్ చేరి ఉంటుంది. సిలికాన్ పటంలో ఆ చోటు వెలుగుతూ ఉంటే అది ఆలివినే.

వెనుదిరిగిన ఎలక్ట్రాన్ల చిత్రంలోని ప్రకాశం మీద మాత్రమే ఆధారపడి వెతికేవారు ఉన్నారు. కాల్షియం ఫాస్ఫేట్లకు ఆ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే మెరిలైట్ సగటు పరమాణు సంఖ్య సాధారణ ఆలివిన్ కంటే ఎక్కువ కావడంవల్ల అది కొంచెం తెల్లగా కనిపిస్తుంది. కానీ ఫారింగ్టనైట్‌లో ఉన్నవన్నీ తేలిక మూలకాలే కనుక, పల్లాసైట్ ఆలివిన్ పక్కన అది ఇంకా చీకటిగా ఉంటుంది. తెల్లటి కణాలను మాత్రమే ఏరుకునేవారు దాన్ని ఎన్నటికీ చూడలేరు.

అంకెల్లో కొలవడం

పటంలో దొరికిన కణాల్లో కనీసం 10 మైక్రోమీటర్ల వెడల్పున్న వాటిని ఎంచుకోండి. 15 కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ పుంజం కణం లోపల ఒకటి రెండు మైక్రోమీటర్ల మేరకు విస్తరిస్తుంది. కణం చిన్నదైతే పక్క ఖనిజం కూడా కొలతలోకి వచ్చి కూర్చుంటుంది. కాండ్రైట్ మెరిలైట్ కొలతలో సిలికాన్ స్పష్టంగా కనిపిస్తే ముందుగా పక్క ఖనిజం కలిసిందని అనుమానించి, కణం నడిమధ్యన మరోసారి కొలవండి.

ఇక అన్నింటికంటే ఎక్కువగా మోసం చేసేది సోడియం. ఇరుకైన, తీవ్రమైన పుంజాన్ని ఫాస్ఫేట్ మీద నిలిపి ఉంచితే సోడియం ఆ చోటి నుంచి జారుకుంటుంది, మీ పట్టికలో దాని అంకె పడిపోతుంది. కాబట్టి పుంజాన్ని 5 నుంచి 10 మైక్రోమీటర్ల వరకు విప్పండి, విద్యుత్తును 10 నానో ఆంపియర్ల దగ్గర ఉంచండి, మూలకాల వరుసలో సోడియాన్ని మొట్టమొదట, తక్కువ సేపు కొలవండి. మీ అమరిక సురక్షితంగా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలికైన దారి ఒకటి ఉంది: వదులుకోవడానికి సిద్ధపడిన ఒక కణం మీద పుంజాన్ని కదపకుండా ఉంచి, పది పది సెకన్ల విడతలుగా సోడియం లెక్కను వరుసగా రాసుకోండి. ఆ అంకెలు నిలకడగా ఉంటే ముందుకు సాగండి. మెట్లు దిగుతున్నట్టు తగ్గిపోతుంటే పుంజాన్ని ఇంకా విప్పండి.

అపటైట్‌ను అనుమానిస్తున్నప్పుడు ఫ్లోరిన్ విషయంలోనూ ఇలాంటి చిక్కే వస్తుంది. దాని పీకు 0.68 దగ్గర, ఇనుము తక్కువ శక్తి పీకు 0.70 దగ్గర ఉండటంవల్ల ఒకదానిమీద ఒకటి పడతాయి; పైగా స్ఫటికం ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదాన్ని బట్టి ఫ్లోరిన్ లెక్క కొలుస్తుండగానే మారుతుంది. తరంగదైర్ఘ్య విశ్లేషణ ఉన్న ప్రోబ్ అందుబాటులో లేకపోతే ఫ్లోరిన్ అంకెను ఆధారం చేసుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

కొలత చేతికి వచ్చాక మొదట చూడవలసింది పరమాణువుల లెక్కలో కాల్షియానికీ భాస్వరానికీ ఉన్న నిష్పత్తి. అపటైట్‌లో అది 5కు 3, అంటే 1.67. మెరిలైట్‌లో 9కి 7, అంటే 1.29. స్టాన్‌ఫీల్డైట్‌లో సుమారు 0.67, బ్రయనైట్‌లో 0.5, ఫారింగ్టనైట్‌లో సున్నా. 1.67కూ 1.29కూ మధ్య ఎంత దూరముందంటే, ప్రమాణ నమూనాలు లేకుండా తీసిన మామూలు స్పెక్ట్రమ్‌తో కూడా ఆ రెండింటినీ చాలాసార్లు విడదీయవచ్చు. నన్నడిగితే ఈ ఒక్క నిష్పత్తిని వేసి చూసే అలవాటు ఉంటే పాత పట్టికల్లోని తప్పు పేర్లలో అధిక భాగం పుట్టి ఉండేవి కావు.

పూర్తి లెక్కను ఒకసారి చేతితో వేసి చూడండి. లోపాలేమీ లేని ఆదర్శ మెరిలైట్‌లో బరువు ప్రకారం కాల్షియం ఆక్సైడ్ 47.05, మెగ్నీషియం ఆక్సైడ్ 3.76, సోడియం ఆక్సైడ్ 2.89, భాస్వరం పెంటాక్సైడ్ 46.31 శాతం ఉంటాయి. వీటిని వరుసగా అణుభారాలైన 56.08, 40.30, 61.98, 141.94తో భాగిస్తే 0.8390, 0.0933, 0.0466, 0.3263 వస్తాయి. ఇప్పుడు ఆక్సిజన్‌ను లెక్కించండి: మొదటి మూడింటిలో అణువుకు ఒక్కొక్కటి, చివరిదానిలో అయిదు ఉంటాయి కాబట్టి మొత్తం 2.610 అవుతుంది. మెరిలైట్ సూత్రంలో 28 ఆక్సిజన్లు ఉంటాయి, 28ని 2.610తో భాగిస్తే 10.73 వస్తుంది. ఈ గుణకంతో ఒక్కో మూలకాన్ని హెచ్చించి, సోడియం, భాస్వరాలను రెట్టింపు చేస్తే కాల్షియం 9, మెగ్నీషియం 1, సోడియం 1, భాస్వరం 7 సరిగ్గా వచ్చి నిలబడతాయి. మీ కొలతలో ఈ అంకెలు ఇంత చక్కగా రావు. భాస్వరం 7కు దగ్గరగానే ఉండి మిగతా వాటిలో ఒకటి తగ్గితే, ఆ లోటును ఎవరు పూరించారన్నది తర్వాతి ప్రశ్న.

అదే లెక్కలో స్వచ్ఛమైన క్లోరపటైట్‌కు కాల్షియం ఆక్సైడ్ 53.8, భాస్వరం పెంటాక్సైడ్ 40.9, క్లోరిన్ 6.8 శాతం వస్తాయి. ఫారింగ్టనైట్‌కు మెగ్నీషియం ఆక్సైడ్ 46, భాస్వరం పెంటాక్సైడ్ 54 శాతం వస్తాయి. బ్రయనైట్‌లో సోడియం ఆక్సైడ్ ఒక్కటే 20 శాతం దాటుతుంది కనుక దాన్ని వేరేదనుకునే ప్రమాదం లేదు. వీటిలో ఫారింగ్టనైట్‌ను కెనడాలోని స్ప్రింగ్‌వాటర్ పల్లాసైట్‌లో గుర్తించి 1961లో వర్ణించారు. స్టాన్‌ఫీల్డైట్‌ను 1879లో అయోవా రాష్ట్రంలో పడ్డ ఎస్తర్‌విల్ మీసోసైడరైట్‌లో (లోహమూ రాయీ కలగలిసిన ఉల్కాశిలలో) గుర్తించి 1967లో వర్ణించారు. ఒకటి షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసిన ఆలివర్ ఫారింగ్టన్ పేరు మీద, మరొకటి ఆ మ్యూజియానికే అధ్యక్షుడైన స్టాన్లీ ఫీల్డ్ పేరు మీద ఉన్నాయి.

మెరిలైట్ కుటుంబంలో ఎవరు?

నిష్పత్తి 1.29 దగ్గర నిలిచినంత మాత్రాన మెరిలైట్ అని రాయడానికి లేదు, ఎందుకంటే అదే అస్థిపంజరం మీద నాలుగైదు ఖనిజాలు కట్టి ఉన్నాయి. మొదట మెగ్నీషియం స్థానాన్ని చూడండి. అక్కడ మెగ్నీషియం కంటే ఇనుము ఎక్కువగా ఉంటే దాని పేరు ఫెర్రోమెరిలైట్. 1865లో షేర్‌ఘాటిలో పడ్డ అంగారక శిలలో దీన్ని గుర్తించి 2016లో వర్ణించారు. తర్వాత సోడియం స్థానాన్ని చూడండి. అక్కడ సోడియం పోయి, సగం స్థానాల్లో కాల్షియం ఉండి, మిగతా సగం ఖాళీగా ఉంటే అది కెప్లరైట్. ఇది మర్యాలహ్తి పల్లాసైట్ నుంచి వచ్చింది. సోడియం తగ్గి, సీరియం, యిట్రియం వంటి విరళ మృత్తిక మూలకాలు పెరిగి ఉంటే, అది చంద్రశిలల్లో మాదిరిగా ఆ మూలకాలు చేరిన మెరిలైట్ కావచ్చు. విరళ మృత్తికలను కొలవకుండా వదిలేసిన పట్టికలో మొత్తం 97 శాతం దగ్గర ఆగిపోయి, ఆ లోటు నీరేమో అనిపిస్తుంది. అందుకే చంద్రశిలల విషయంలో వాటిని తప్పక కొలవాలి.

సోడియం, విరళ మృత్తికలు రెండూ లేకపోతేనే విట్‌లాకైట్ ప్రస్తావన తేవాలి. విట్‌లాకైట్‌లో సోడియానికి బదులు ఒక ఫాస్ఫేట్ మీద హైడ్రోజన్ ఉంటుంది. ఆ హైడ్రోజన్ నీటి లెక్కలో బరువుకు 0.9 శాతం కూడా ఉండదు. ఎలక్ట్రాన్ ప్రోబ్ హైడ్రోజన్‌ను చూడలేదు, మొత్తం 99.1 వచ్చిందా 100 వచ్చిందా అన్న తేడా ప్రోబ్ కొలతల్లోని పొరపాటు హద్దుల్లోనే కలిసిపోతుంది. కాబట్టి మొత్తాన్ని చూసి నీరుందని తేల్చడం తగదు. ఇంకొక చిక్కు ఏమిటంటే, విట్‌లాకైట్‌ను బాగా వేడిచేస్తే హైడ్రోజన్ వెళ్లిపోయి మెరిలైట్ రకానికి మారుతుంది. ఢీకొన్న తాకిడి తిన్న ఉల్కాశిలలో ఇప్పుడున్నది మెరిలైట్ అయినా మొదట ఏమై ఉండేదన్నది వేరే ప్రశ్న.

రామన్ పరీక్ష

పూత తీసేసిన కణం మీద రామన్ స్పెక్ట్రమ్ తీయండి. పరికరాన్ని ముందుగా సిలికాన్ పలకతో సరిచూసుకుని, దాని పీకు 520.5 దగ్గర పడుతోందని నిర్ధారించుకోండి. ఇక్కడి రామన్ అంకెలన్నీ సెంటీమీటరుకు తరంగాల లెక్కలో ఉన్నాయి. రెండు మూడు యూనిట్ల తేడాతో ఖనిజం పేరు మారిపోయే చోట ఈ సరిచూపును వదిలిపెట్టడానికి వీల్లేదు.

ఫాస్ఫేట్లన్నింటికీ బలమైన పీకులు 950కీ 1000కీ మధ్య ఉంటాయి. మెరిలైట్‌కు ఒకటి 957 పరిసరాల్లో, మరొకటి 973 పరిసరాల్లో జంటగా లేస్తాయి. ఈ జంట దాని గుర్తు. క్లోరపటైట్‌కు 961 దగ్గర, ఫ్లోరపటైట్‌కు 965 దగ్గర ఒంటి పీకు వస్తుంది. విట్‌లాకైట్‌లో ఆ జంట స్పష్టంగా విడిపోకుండా 970 దగ్గర పెద్దది, దాని ఎడమ భుజం మీద చిన్నది అన్నట్టుంటుంది. అంతకంటే ముఖ్యంగా, హైడ్రోజన్ పట్టిన ఫాస్ఫేట్ వల్ల 923 దగ్గర చిన్న పీకు పుడుతుంది. ఆ చిన్న పీకు కోసం సెకన్లకు బదులు నిమిషాల తరబడి సంకేతాన్ని కూడబెట్టవలసి రావచ్చు. ఆలివిన్ జంట 820కీ 855కీ దగ్గర, పైరాక్సీన్ పీకు 1010 దగ్గర వస్తాయి కాబట్టి, అవి కూడా కనిపిస్తే లేసర్ పక్క ఖనిజాన్ని తాకుతోందన్నమాట.

రాయి బలమైన తాకిడి తిన్నదైతే, అందులోని నల్లటి కరుగు నాళాల అంచులను విడిగా చూడండి. 1986లో చైనాలోని సుయిజౌ వద్ద పడ్డ కాండ్రైట్‌లో అలాంటి నాళాల పక్కన మెరిలైట్ అధిక పీడనానికి మారి తూయైట్‌గా అయింది. దాని రసాయనం మెరిలైట్‌కు దగ్గరగానే ఉంటుంది కనుక ప్రోబ్ దాన్ని పట్టుకోలేదు. రామన్‌లో మాత్రం జంటకు బదులు 975 దగ్గర ఒక్క పీకే నిలుస్తుంది.

విరళ మృత్తికలున్న ఫాస్ఫేట్లు లేసర్ తగిలినప్పుడు తమంతట తామే వెలిగి, రామన్ పీకుల్లా కనిపించే గీతలను పుట్టిస్తాయి. ఏ గీత మీద అనుమానం వచ్చినా 532 నానోమీటర్ల లేసర్‌తో తీసిన స్పెక్ట్రమ్‌ను 785 నానోమీటర్ల లేసర్‌తో మళ్లీ తీయండి. నిజమైన రామన్ పీకు అదే అంకె దగ్గర ఉండిపోతుంది. వెలుగు గీత చోటు మార్చుకుంటుంది. లేసర్ శక్తిని కొద్ది మిల్లీవాట్లకు మించనివ్వకండి.

నిర్మాణాన్ని చూడవలసిన సందర్భాలు

ఇంతవరకు వచ్చాక చాలా కణాలకు పేరు దొరికే ఉంటుంది. స్టాన్‌ఫీల్డైట్, ఫారింగ్టనైట్ లేదా ఇంకా అరుదైన ఫాస్ఫేట్ అని తేలిన కణాలకు మాత్రం స్ఫటిక నిర్మాణం కూడా చూపించాలి. సెక్షన్‌లోనే వెనుదిరిగిన ఎలక్ట్రాన్ల వివర్తనంతో అపటైట్‌నూ మెరిలైట్‌నూ సులభంగా విడదీయవచ్చు, ఎందుకంటే ఒకటి షట్కోణ వ్యవస్థకూ మరొకటి త్రికోణ వ్యవస్థకూ చెందుతాయి. మెరిలైట్, విట్‌లాకైట్‌లను ఆ పద్ధతి విడదీయలేదు; రెండింటి యూనిట్ సెల్ ఒక దిశలో సుమారు 10.3, మరో దిశలో సుమారు 37.1 ఆంగ్‌స్ట్రామ్‌లతో దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ జంటకు రామన్‌తో సరిపెట్టుకోవాలి, లేదా హైడ్రోజన్‌ను నేరుగా కొలిచే ద్వితీయ అయాన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ దగ్గరికి వెళ్లాలి.

పేరు రాసేటప్పుడు

ఏ పరీక్షతో ఏది తేలిందో అంతవరకే రాయండి. హైడ్రోజన్‌ను గాని, 923 దగ్గరి పీకును గాని చూడకుండా, రసాయనం మాత్రమే సరిపోయిన కణాన్ని ‘మెరిలైట్ వర్గపు ఫాస్ఫేట్’ అని రాయడం సరైన పద్ధతి. పేరు పక్కనే సెక్షన్ సంఖ్య, కణం ఉన్న చోటును చూపే చిత్రం, పుంజం వెడల్పు, విద్యుత్తు, సోడియాన్ని ఎన్నో వరుసలో కొలిచారన్న వివరం, ఆక్సిజన్ లెక్కకు సరిచేసిన పరమాణు సంఖ్యలు పెట్టండి. ఈ వివరాలుంటే అదే కణం మీద మరొకరు మళ్లీ కొలిచి చూడగలుగుతారు. మీ కణం తెలిసిన ఏ సూత్రానికీ సరిపోకపోతే, దానికి సొంతంగా పేరు పెట్టకండి. కొత్త ఖనిజానికి గుర్తింపు అంతర్జాతీయ ఖనిజ శాస్త్ర సంఘానికి చెందిన నామకరణ కమిషన్ నుంచి రావాలి. వారికి పూర్తి రసాయన కొలతలు, స్ఫటిక నిర్మాణం, దృక్‌లక్షణాలు సమర్పించాలి, మూల నమూనాను ఒక మ్యూజియంలో భద్రపరచాలి. అందువల్ల కణం ఎంత చిన్నదైనా దానిలో కొంత భాగాన్ని ఏ పుంజమూ తాకకుండా ముందే మిగిల్చి ఉంచండి.